ఏరు దాటిన కాటికాపరి

చచ్చిన ఎలుక కనబడితే చాలు, మొగుడూ పెళ్ళాం కలిసి దాన్ని మట్టిలో పూడ్చేసి, పుట్టబోయే పిల్లలకి తిండి సిద్ధం చేసుకునే నల్ల పురుగు ఒకటుంది. మ్యూజియంలో అందరూ దాన్ని కాటికాపరి అంటారు. అందులో బోలెడు జాతులు, అన్నీ వీపు మీద నారింజ పట్టీలతో ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. మీసాల కొసలూ, వెనక కాళ్ళ వంపూ చూస్తే గానీ ఏది ఏదో తేలదు. ఆ తేల్చే పని అక్కడ ఉద్యోగం చేసే పురుగులక్కయ్యది. ఇరవై రెండేళ్ళుగా ఎవరెవరో పట్టుకొచ్చిన పురుగులకి గుండుసూది గుచ్చి చీటీలు రాసిందే తప్ప, పాపం, ఆమె పేరు ఎక్కడా అచ్చులో పడలేదు.

ఇప్పుడు పడబోతోంది! వంకరకాళ్ళ కాటికాపరి ఏటికి ఉత్తరాన తప్ప బతకదని పుస్తకాలన్నీ ఘోషిస్తుంటే, దక్షిణపు ఒడ్డున అక్కయ్య మాంసం ఎరగా పెట్టిన డబ్బాలో ఒకటి పడింది. మైక్రోస్కోపు కింద మూడుసార్లు చూసింది. కాళ్ళు వంకరే, మీసం కొస నారింజే, అనుమానం లేదు. ఏ పురుగు ఎక్కడ దొరికిందో చూపే కొత్త పటంలో ఏటికి దక్షిణాన ఒక చుక్క, పక్కన ఆమె పేరు. పటం అయిదింటికి అచ్చుకి వెళ్తుంది. అక్కయ్య ఆనందం పట్టలేక నాలుగింటికే ఇంటికొచ్చేసింది.

"నా కారు పేరు కూడా వెయ్యమను," అన్నాడు మొగుడు. "ఆ కుళ్ళిన మాంసం బకెట్టు వంతెన దాటించేసరికి నా ముక్కు ఊడినంత పనైంది. అవతలి ఒడ్డునే పారెయ్యకుండా ఇవతలి దాకా ఎందుకు మోయించావో!"

"కొత్త మాంసానికి వాసన ఉండదు కదండీ. పాలకి తోడేసినట్టు పాతది గరిటెడు వేస్తే..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆ పాతది ఉత్తరపు ఒడ్డున పెట్టిన డబ్బాల్లోది. అందులో పురుగు దాక్కునుంటే? మూడు వారాల్లో దక్షిణాన దొరికింది ఆ ఒక్కటే. అదీ తోడేసిన డబ్బాలోనే, మర్నాడే!

సంగతి విని మొగుడు బుర్ర గోక్కున్నాడు. "నేను చెప్పను. పురుగు అసలే చెప్పదు. ఇన్నేళ్ళు చాకిరీ చేశావు, ఉండనీ."

అక్కయ్యకి ఏడుపొచ్చింది. ఉంచెయ్యాలనే ఉంది, నిజంగా ఉంది. నోటి దాకా వచ్చిన ముద్ద మరి! కానీ ఆ చుక్కని నమ్మి రేపెవరో అమాయకుడు ఆ ఒడ్డంతా మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతాడు. టైము చూసింది. నాలుగూ నలభై. పటం వేయించే పెద్దాయనకి ఫోన్ చేసింది.

"ఆ చుక్క తీసెయ్యండి సార్. పురుగు ఏరు దాటలేదు, నేనే దాటించాను." బకెట్టు భాగోతం మొత్తం చెప్పేసింది.

తిట్లు పడతాయని ఆమె కళ్ళు మూసుకుంది.

"అమ్మా, ఈ పటంలో మీరు తేల్చిన చుక్కలు ఇంకా నూట పన్నెండు ఉన్నాయి," అన్నాడాయన. "అచ్చుకి పంపేముందు అన్నీ ఒకసారి సరిచూద్దామని మీ చీటీల కట్ట విప్పి కూర్చున్నాను. అక్కర్లేదు లెండి, కట్టేస్తున్నాను."