పండనియ్యని పొద్దు

రెండో వాల్వు తిప్పి, గొట్టంలో నీళ్ల గురక వినబడేదాకా ఆగి, శ్రీశైలం వాల్వు తిప్పే పొడవాటి ఇనుప తాళాన్ని భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. కోడేరు దగ్గరి ఆ చిన్న ఊరికి ఏళ్లుగా నీళ్లు వదిలేది అతనే. మూడో వాల్వుకు పోయేముందు కొట్టంలోకి వచ్చి, గుర్రం కింద ఊడ్చి, కొత్త నీళ్లు పెట్టి పోతాడు.

ఈరోజు ఊడ్చడానికి ఏమీ లేదు. రాత్రంతా అది లద్దె వేయలేదు. ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. నిన్న చెలక నుంచి తెచ్చిన, కాయలు తెంపిన వేరుశనగ కట్టె మొత్తం తినేసింది, వేళ్లకు అంటిన ఎర్రమట్టితో సహా. కడుపు నిండి పడుకుందనుకున్నాడు శ్రీశైలం. అతని చేతి కింద పెరిగిన ఎడ్లన్నీ అట్లా తిని, అట్లా పడుకుని, నెమరు వేస్తూ ఒళ్లు చేసినవే.

"పండు బిడ్డా, పండు," అని మెడ కింద గోకి, మూడో వాల్వుకు బయల్దేరాడు.

ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి. ఖాళీ గుంజ వైపు చూడలేక అతను చాలాకాలం కొట్టంలోకి వెళ్లడం మానేశాడు. వనపర్తిలో ఎవరిదో పెళ్లికి పోయినప్పుడు, బ్యాండువాళ్ల షెడ్డు వెనక ఈ ఆడగుర్రం కనబడింది. పేరు షబ్నం. ఒక కన్ను తెల్లబడిందని పెళ్లికొడుకులు దాన్ని ఎక్కడం మానేశారు. బ్యాండువాళ్లు వదిలించుకోవాలనుకుంటున్నారని తెలిసి, తాడు పట్టుకుని నడిపించుకుంటూ ఊరికి తెచ్చాడు. ఒక్కనాడూ దానిమీద ఎక్కలేదు. మెడలో ఎద్దు గంట కట్టాడు. ఏరువాక నాడు రంగు పూయడానికి కొమ్ములు లేక, జూలుకు ఎర్ర దారం చుట్టాడు. ఊరు నవ్వింది. భార్య జములమ్మ నవ్వలేదు. "నాకు సవతిని తోలుకొచ్చిండు," అని కనబడినవాళ్లకల్లా చెప్పింది.

ఇప్పుడు శ్రీశైలం గడప దాటి నాలుగడుగులు వేసేలోగా వెనక నుంచి కరీం కేక వినబడింది. వనపర్తిలో ఒకప్పుడు జట్కా నడిపిన ముసలాయన. పాలచెంబు పట్టుకుని దారిన పోతూ కొట్టంలోకి తొంగిచూశాడు.

"అరె శ్రీశైలం! పండనిచ్చినవేందిరా! లేపు, లేపు!"

"తిని పండింది చిచ్చా."

"ఎద్దనుకున్నవా? గుర్రానికి నెమరుంటదా, వాంతి అయితదా? లోపలికి పోయింది ఎనకకు రాదు. కడుపు పట్టింది దానికి. చూడు, డొక్క దిక్కు ఎట్ల చూసుకుంటుందో! పొర్లిందంటె పేగు మెలివడ్తది. ఏం పెట్టినవ్?"

"బుడ్డల కట్టె. మట్టి దులపలె." శ్రీశైలం వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

కరీం చెంబు గోడమీద పెట్టి, తాడు విప్పి అతని చేతికిచ్చాడు.

ఇద్దరూ కలిసి లేపారు. ఇక నడక మొదలైంది. కొట్టం నుంచి నీళ్ల ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి కొట్టం దాకా. ప్రతి మలుపులో షబ్నం ఆగి ముందుకాలితో నేల తవ్వేది. మోకాళ్లు వంచబోయేది. శ్రీశైలం తాడు గుంజేవాడు.

మూలమలుపులో మణెమ్మ ఖాళీ బిందెతో ఎదురైంది. "ఏం శ్రీశైలమన్నా, మా గల్లీకి నీళ్లు లెవ్వా ఇయ్యాల? గుర్రానికి గాలి మార్పిస్తున్నవా?" అంటూనే, చెమటతో నల్లబడిన దాని డొక్కను చూసింది. బిందె కింద పెట్టి, అతని భుజం మీది ఇనుప తాళం తీసుకుంది. "ఎటు తిప్పాల్నో చెప్పు. నేను తిప్పుకుంట."

కబురు అంది పశువుల డాక్టరు సుహాసిని స్కూటీ మీద వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. శ్రీశైలం వెదురుగొట్టంతో షబ్నం నోట్లో నూనె పోయబోతున్నాడు. ఎడ్లకు అట్లాగే పోసేవాడు.

"ఆగండి! అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అందామె.

సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి కడుపుదాకా దింపి నూనె పంపింది. సూది వేసింది. డొక్క మీద చెవిగొట్టం ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత శ్రీశైలం కూడా అక్కడ చెవి పెట్టాడు. నిన్నటిదాకా ఎసరు మరిగినట్టు చప్పుడయ్యే కడుపు అది. ఇప్పుడు గోడకు చెవి ఆనించినట్టుంది.

"మట్టిలోని ఇసుక పేగులో గడ్డకట్టింది. లద్దె వేస్తే బతుకుతుంది. పొద్దుగూకేలోపు వేయాలి. అందాక తిప్పుతూ ఉండండి."

"ఆపరేషన్ గిట్ల అయితదా మేడం?"

"హైదరాబాద్ దాకా బండిలో నిలబడే ఓపిక దీనికి లేదు, శ్రీశైలం గారూ."

మళ్లీ నడక. సంగతి ఊరంతా పాకింది. అరుగుల మీదివాళ్లు అతను దాటిన ప్రతిసారీ "ఏసిందా?" అని అడిగేవారు. "దినాం నీళ్లు వొచ్చినయా అని అడిగేటోళ్లు, ఇయ్యాల లద్దె వొచ్చిందా అని అడుగుతుండ్రు," అన్నాడు కరీం. ఎవరూ నవ్వలేదు. సందుకు అడ్డంగా ఉన్న బైకులను మాత్రం ఎవరో పక్కకు జరిపారు.

జములమ్మ అన్నం గిన్నెతో ఎదురొచ్చింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గిన్నె గోడమీద పెట్టి, అతని చేతిలోంచి తాడు లాక్కుంది.

"నువ్ జర కూసో. నా సవతిని నేను తిప్పుత," అంది. "నడువ్వే. నన్ను ఇన్ని తిప్పలు పెట్టి, ఇప్పుడు పోతనంటె ఎట్ల?"

షబ్నం ఆమె వెంట కొంతదూరం నడిచింది. ట్యాంకు దగ్గర ముందుకాళ్లు మడిచింది. శ్రీశైలం పరుగెత్తి వచ్చి తాడు గుంజాడు, భుజం ఆనించి ఎత్తబోయాడు, చేతికి దొరికిన కంపకట్టె తీసుకుని కొట్టాడు. దానిమీద ఎన్నడూ చెయ్యి ఎత్తినవాడు కాదు. "లే! లే బిడ్డా, నీ కాల్మొక్కుత, లే!" అని ఏడుస్తూ మళ్లీ కొట్టాడు. షబ్నం లేచింది. తెల్లకన్ను వైపు నిలబడ్డాడు గనుక, కొట్టింది ఎవరో దానికి కనబడలేదు. అతనికి దొరికిన ఊరట అదొక్కటే.

ఎండ పసుపుపచ్చగా మారుతుండగా డాక్టరు మళ్లీ వచ్చింది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. నేరేడుపండు రంగులో ఉన్నాయి. చెవులు పట్టుకుని చూసింది. శ్రీశైలం కూడా పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

"ఇంక తిప్పకండి," అంది.

అతనికి అర్థం కాలేదు. "ఇంకో సుట్టు తిప్పుత మేడం. నాకేం నొప్పి లేదు. పొద్దుగూకలె ఇంక."

"దానికి నొప్పి ఉంది."

శ్రీశైలం తాడును చేతికి ఇంకో మెలిక చుట్టుకున్నాడు. షబ్నం తల వాల్చి, ముక్కు అతని కడుపుకు ఆనించింది. దాని ఊపిరి చొక్కాలోంచి సన్నగా తగిలింది. దాని మెడ కింద గోకుతూ అన్నాడు:

"పొద్దుగాల సంది అది అడిగేది ఒక్కటే. పండుకుంటనంటది. నేనే పండనియ్యలె."

"ఇప్పుడు పండనియ్యండి."

కొట్టంలోకి తీసుకుపోయి తాడు విప్పాడు. షబ్నం ముందు మోకాళ్లు వంచి, తర్వాత వెనక భాగం దించి, ఎద్దు పడుకున్నట్టే పడుకుంది. కరీం తువ్వాలు పరుచుకుని ఓ మూల నమాజుకు నిలబడ్డాడు. డాక్టరు మెడలో సూది వేస్తుంటే శ్రీశైలం అరచేతితో మంచికన్ను మూశాడు. అరచేతి కింద రెప్పవెంట్రుకలు ఒకటి రెండుసార్లు కదిలాయి. తర్వాత కదలలేదు.

తెల్లవారి ఊరివాళ్లు జేసీబీ తెచ్చి చెలక గట్టున గుంత తీశారు. మట్టి కప్పాక శ్రీశైలం ఒక్కడే ఇంటికి వచ్చాడు. ఊడ్చే పని లేకపోయినా చీపురు తీసుకుని కొట్టంలోకి వెళ్లాడు. గుంజ పక్కన తడిగుడ్డ కప్పిన బకెట్ ఉంది. నిన్న సాయంత్రం డాక్టరు మళ్లీ రాకముందు, ఎవరికీ చెప్పకుండా జములమ్మ నానబోసిన ఉలవలు అందులో నీళ్లన్నీ తాగి, ఉబ్బి, అంచుదాకా వచ్చి ఉన్నాయి.