కొబ్బరినీళ్లు పడ్డ పలక

రెండేళ్లు మొహం చాటేసిన వాన ఆ ఏడు దయ తలచింది. రాప్తాడు వైపు నుంచి శెనక్కాయల బండ్లు నూనె మిల్లు ముందు బారులు తీరాయి. మిల్లు షావుకారు సంబరం పట్టలేకపోయాడు. మిషనులో కాయలు పోయడానికి హమాలీలు మూటలతో ఎక్కే ఏటవాలు పలకకు పసుపు, కుంకుమ పూయించి, దాని పైకొసనే టెంకాయ కొట్టించాడు. నేల మీద కొడితే దేవుడు కాదంటాడా? నీళ్లు పలక పొడవునా కారాయి.

హమాలీల మేస్త్రీ ఇమాం హుస్సేన్ ఆ తడి చూశాడు. తడి పలక మీద మన్ను చల్లనిదే మనిషిని ఎక్కించడు ఆయన. వంగి గుప్పెడు మన్ను తీసుకున్నాడు. అందరూ దండం పెట్టుకుని నిలబడ్డారు. దేవుడి నీళ్ల మీద తురకోడు మన్ను పోశాడంటారేమో! ఆ పాడు ఆలోచన రాగానే గుప్పిలి వదిలేశాడు.

మొదటి మూట ఎత్తే మర్యాద బయ్యన్నది. ఏళ్ల తరబడి ఇమాంతో కలిసి మోసినవాడు. నుదుట బొట్టుతో నవ్వుతూ ఎక్కాడు. పైదాకా పోయాక కాలు జారింది. ముందు బయ్యన్న కింది బండల మీద పడ్డాడు, తర్వాత మూట అతని నడుము మీద పడింది.

ఇక మూట మొయ్యడం కల్ల అన్నాడు డాక్టరు. నడవగలడో లేదో కూడా చూడాలన్నాడు. మూట తప్ప మరో పని తెలియని మనిషి బయ్యన్న.

ఇమాం రోజూ ఆసుపత్రికి పోయి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకరోజు బయ్యన్నే అడిగాడు.

"ఏమన్నా, మన్ను తీసుకొని మల్లా ఎందుకు పారేసినావు? నేను చూసినాలే."

"తురకోడు పూజ చెడగొట్టినాడంటారని బయపడితినప్పా."

"ఎవురంటారు? నేను ఆడ లేనా? ప్రతి ఏడూ పీర్ల పండగలో నిప్పుల గుండం నీ చెయ్యి పట్టుకొనే గదా తొక్కేది! నా చెవిలో ఒక మాట ఏసింటే నేనే చల్లుకుంటాంటి గదన్నా."

ఊరి నోటికి జడిసి ఇమాం, సొంత మనిషిని కూడా ఆ ఊళ్లో ఒకడిగా లెక్కేశాడు.

బయ్యన్న గోడ వైపు ఒత్తిగిల్లబోయాడు. నడుము కదల్లేదు.

"కొంచెం అట్ల తిప్పుతావా అన్నా," అన్నాడు కళ్లు మూసుకుని.

ఇమాం లేచి, రెండు చేతులూ వేసి, జాగ్రత్తగా అతని మొహం అవతలికి పోయేలా తిప్పాడు.