హార్డ్ డిస్కుకు పెట్టిన బొట్టు

దసరా నాడు ఆ ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పడింది. కెమెరాలకు, డ్రోనుకు, లైటు స్టాండ్లకు, బండికి, చివరికి పటాన్‌చెరులోని దుకాణం తాళంకప్పకు కూడా. "ఇంట్ల పని జేసేటియి ఏమన్న మర్శినవా బిడ్డా?" అని బక్కమ్మ కొడుకును అడిగింది. చంద్రకాంత్ చుట్టూ చూసి, కంప్యూటరు పక్కనున్న హార్డ్ డిస్కును తెచ్చి వరసలో పెట్టాడు. పూజ చేసిన వస్తువును ఆ రోజు ముట్టుకోకూడదు, దానికి సెలవు అని కూడా చెప్పింది బక్కమ్మ. పళ్ళెంలో పసుపు కలిపి ఇచ్చి, పులిహోరకు పోపు వేయడానికి వంటింట్లోకి పోతున్న కోడలు హైమావతికి ఆ మాట విని నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే ఏడుపూ వచ్చింది గానీ, పోపు మాడిపోతుందని ఆపుకుంది.

కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్ళు చిందాయి. ఎవరూ తుడవలేదు. తుడిచే మనిషి వంటింట్లో ఉంది మరి!

మర్నాడు పొద్దున డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే లైటు వెలిగి ఆరిపోయింది. తెర మీద దాని పేరు కనబడి మాయమైంది. చంద్రకాంత్ పీకి మళ్ళీ పెట్టినా అంతే. అందులో అమీన్‌పూర్‌లో ప్లాట్లమ్మే పెంటయ్య బిడ్డ హర్షిణి పెళ్ళి ఉంది. శ్రావణంలో తీసిన పెళ్ళి. వరసగా ముహూర్తాలున్నాయని, కెమెరా కార్డుల్లోంచి దాన్ని చెరిపేసి, అవే కార్డులతో ఇంకో పెళ్ళికి పోయాడు. "రెండు జాగల పెట్టుకుందాం" అని హైమావతి చెప్పి చెప్పి అలిసిపోయింది. "నువ్వు మిక్సింగ్ చేస్కో, నాకు అకల్ నేర్పకు" అన్నాడప్పుడు. ఇప్పుడేమో, "ఏం జేసినవే దీన్ని?" అన్నాడు.

ఏం చేసింది? పెళ్ళయిన కొత్తలోనే మిక్సింగ్ నేర్చుకుంది. అతను తీసుకొచ్చిన ప్రతి పెళ్ళినీ కోసి, అతికించి, రంగులు దిద్ది, పాటలు పెట్టింది. ఆఖర్న తెర మీద పడే పేరు మాత్రం చంద్రకాంత్ డిజిటల్స్. "మా కోడలు ఇంట్లనే ఉంటది, కంప్యూటర్ ముంగట టైంపాస్ చేస్తది" అని అత్తగారు పక్కింటావిడకు చెబుతుంటే, లోపల పప్పు కడుగుతూ వినడం కూడా ఆమె చేసిన పనుల్లో ఒకటి.

హైమావతి ముందు కేబుల్ మార్చింది. తర్వాత సీపీయూ వెనకవైపు పోర్టుకు పెట్టి చూసింది. లైటు వెలిగిన ఆ కాస్సేపట్లో డిస్కును కదలకుండా పట్టుకుని, దానికి చెవి ఆనించి విన్నది. తిరుగుతున్న చప్పుడు నున్నగా ఉంది, టకటకమనడం లేదు. అమ్మయ్య, లోపల బాగానే ఉంది, జబ్బంతా మూతి దగ్గరే! ఫోను లైటు వేసి చూస్తే కేబుల్ దూర్చేచోట పసుపూ కొబ్బరినీళ్ళూ కలిసి పెచ్చు కట్టి ఉన్నాయి. పుల్లకు దూది చుట్టి, మందుల షాపు స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పెట్టింది. వెలిగింది. ఆరింది. కేబుల్ మొనను బొటనవేలితో కొంచెం పైకి నొక్కి పట్టింది. ఈసారి వెలిగి నిలబడింది.

"వేలు తీస్తె పోతది," అన్నది.

"గట్లనే పట్టుకో. ముందుగాల పెంటయ్య సేటుది గుంజు, జల్దీ!"

తెర మీద హర్షిణి పెళ్ళి కింద ఇంకో ఫోల్డరు ఉంది. దాని పేరు వేస్ట్. పెళ్ళివాళ్ళు తీసెయ్యమన్న ముక్కలన్నీ అందులో ఉన్నాయి. ఎంగిలి విస్తళ్ళ పక్కన కూలబడి కాళ్ళు నొక్కుకుంటున్న వదినెలు. అప్పగింతలయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఏడుస్తున్న తల్లి. హర్షిణి పెళ్ళిలో ఆ పిల్లను పెంచిన పెద్దమ్మ, భర్త పోయిన మనిషి, తలంబ్రాలప్పుడు స్తంభం చాటున నిలబడి అక్కడి నుంచే అక్షింతలు విసిరింది. అవి పిల్లదాకా రాలేదు. "ఆమె కనబడ్డ కాడ కట్ జెయ్యమను మీ ఇంటామెను" అని పెంటయ్య ఫోన్లో చెప్పాడు. హైమావతి తీసేసింది గానీ పారేయలేకపోయింది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు, కంచం ఒళ్ళో పెట్టుకుని వాళ్ళను చూస్తూ తింటుంది. ఒక్కోసారి వాళ్ళతో మాట్లాడుతుంది కూడా. పని చెప్పడానికి తప్ప ఈ ఇంట్లో ఆమెను పలకరించే దిక్కు లేదు. తెర మీది వాళ్ళూ పలకరు, కానీ ఆ మొహాలు ఆమెకు తెలిసిన మొహాలు. ఈ డిస్కు పోతే వాళ్ళు ఇంకెక్కడా ఉండరు.

అయినా ముందు పెళ్ళినే కాపీకి పెట్టింది. అది కూడా ఆమె చేతి పనే కదా. పచ్చ గీత మెల్లగా జరగడం మొదలైంది.

"హైమా, చాయ్ పెట్టవా?" అన్నది బక్కమ్మ.

"వేలు తీస్తె పోతది అత్తమ్మా."

కుక్కర్ కూత మీద కూత వేసింది. "జెర పట్టుకుంటవా, బంద్ చేసొస్త" అని మొగుడిని అడిగింది. "నా చెయ్యి ఆగదు" అన్నాడు, పెళ్ళంతా కెమెరాను కదలకుండా పట్టుకునే మహానుభావుడు. కాసేపు ముగ్గురూ ఆ కూతలు విన్నారు. ఆఖరికి బక్కమ్మే లేచి ఆపింది. చంద్రకాంత్ వంటింట్లోకి పోయి, చక్కెర ఏ డబ్బాలో ఉందో రెండుసార్లు అడిగి చాయ్ పెట్టాడు. తల్లీకొడుకులు తాగారు. హైమావతికో కప్పు తేవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

పచ్చ గీత చివరిదాకా పోయింది.

"ఒచ్చిందా?"

"ఒచ్చింది."

"బతికినం! ఇగ లే. అక్కోళ్ళు దసరా అలాయ్ బలాయ్‌కి ఒస్తున్నరు, కూర గాలే."

"లెవ్వ. ఇంక నాది ఉన్నది."

"నీదేంది అండ్ల?"

ఆమె కుడిచేత్తో వేస్ట్‌ను లాగి కాపీకి పెట్టింది. ఎడమ బొటనవేలు తిమ్మిరెక్కి మొద్దుబారింది. చంద్రకాంత్ ఆమెను చూసి, వంటింటిని చూసి, గొణుక్కుంటూ అటు నడిచాడు.

సగంలో గీత ఆగింది. డిస్కు వేడెక్కి కాలుతోంది. ఆగింది పెద్దమ్మ ముక్క దగ్గరే. హైమావతి వేలును ఇంకొంచెం పైకి నొక్కింది. "రా పెద్దమ్మా, నీకు దండం పెడత, రా" అని పైకే అన్నది. ఎంతసేపటికో గీత కదిలింది.

"హైమా, పసుపు ఏడున్నది?" వంటింట్లోంచి అరిచాడు.

"పూజ పళ్ళెంల సూడు."

గిన్నెలు కిందపడ్డ చప్పుడు. తల్లి కొడుకును విసుక్కోవడం. ఉల్లిగడ్డ మాడుతున్న వాసన. చాలాసేపటికి గడప దగ్గర బక్కమ్మ నిలబడి, "అయిందా పిల్లా?" అని అడిగింది.

"ఇంక గాలే అత్తమ్మా," అన్నది హైమావతి.

కాపీ ఎప్పుడో అయిపోయింది. ఆమె వేలు తీయలేదు.