తొమ్మిది ముళ్ళ చేప

మెటియాబ్రుజ్‌లో మా పై వాటాలో ధాత్రి అనే కరీంనగర్ పిల్ల అద్దెకుంటోంది. సముద్రపు చేపల మీద పరిశోధన చేస్తోంది. ఆమె దగ్గర సీసాలో చిటికెన వేలంత చేప ఒకటుంది. అది ఏ జాతిదో తేలాలంటే వీపు రెక్కలో ముళ్ళు లెక్కపెట్టాలి. దానికి ఆ రెక్కే చిరిగిపోయింది. సోమవారంలోగా అలాంటిదే రెండో చేప చూపించకపోతే దాని సంగతి వదిలెయ్యమన్నాడు ఆమె చేత పరిశోధన చేయిస్తున్న బెంగాలీ, అభిజిత్ సారు.

మా ఆవిడ జగ్గమ్మ సీసా ఎత్తి చూసింది.

"ఇదేటి, దీనికేనా ఏడుపు? మా ఊరి ఎండుసేపల్లో కలిసొస్తాది. ఆదివారం మా తమ్ముడు తెస్తాడు. ఏరి ఉంచుతాను, రా."

ఆదివారం సంచి వచ్చింది. ధాత్రి మెట్లు దిగేసరికి జగ్గమ్మ పళ్ళెం ముందుకు తోసింది. అలాంటివే పన్నెండు చేపలు. తల, తోక, రెక్కలు గిల్లి, మూడు నీళ్ళు కడిగి పెట్టింది. ఎండుచేప గిల్లకుండా ఒకరికివ్వడం మావాళ్ళలో మర్యాద కాదు.

"అమ్మమ్మా, రెక్కలేవి?"

"గిల్లి కాలవలో పారేసినాను. గుచ్చుకోవా మరి?"

"నాకు ఆ ముళ్ళే కావాలె!"

"ముళ్ళు తింతావేటే?"

ధాత్రి పైనించి సీసా తెచ్చి, చిరిగిన రెక్క చూపించింది. సంగతి తెలిశాక జగ్గమ్మ, "తప్పు నాదేనే" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో అది నాకు కొత్త.

నేను చెప్పులేసుకున్నాను. సంచి విప్పగానే ఒక చేప గిల్లకుండా మా పిల్లి దొరబాబుకి పడేస్తుంది జగ్గమ్మ, కాళ్ళకి అడ్డం పడకుండా. ఇవాళ వాడి నోట్లో ఉన్నదీ ఆ జాతి చేపే, నేను చూశాను. వాడు ఏదీ అక్కడికక్కడ తినడు. పక్కింటి దర్జీ కొట్లో గుడ్డపీలికల కుప్పలో దాచి, మిషన్లు ఆగాక తింటాడు.

మిషన్లు ఇంకా ఆడుతున్నాయి. కుప్పలో చెయ్యి పెట్టాను. దొరబాబు రక్కాడు. చేపకి తోక లేదు. వీపు రెక్క ఉంది.

ధాత్రి దాన్ని నానబెట్టి, గుండుసూదితో రెక్క విప్పి, భూతద్దం పెట్టింది.

"తొమ్మిది! అదే అమ్మమ్మా, నేననుకున్న జాతే!"

"నన్నడిగితే సెప్పనా? సిన్నప్పట్నించీ గుచ్చుకుంతన్నాయి!"

సారుకి ఇవ్వాల్సిన ఫారంలో 'సేకరించినవారు' అని ఒక గడి ఉంది. ధాత్రి నా వైపు చూసింది. రక్కిన చెయ్యి చూపించాను. నవ్వి, 'దొరబాబు, మెటియాబ్రుజ్' అని రాసింది.

బుధవారం ఫారంలో పేరు చూసి అభిజిత్ సారు ఫోన్ చేశాడట. దొరబాబు దాదాకి, అంటే దొరబాబు అన్నకి, చేపల్లో చాలా గొప్ప అనుభవం ఉందట, ఒకసారి ఇంటికొచ్చి కలుస్తాడట.

జగ్గమ్మ గుమ్మంలో తోక నాక్కుంటున్న వాడి వంక చూసింది.

"రమ్మను. ఒట్టి సేతుల్తో మాత్రం రావద్దను. రక్కుతాడు."