మూడు మెట్ల కింద

మా అక్క నా సీక్వెన్సర్‌ని "మీ ఆయన" అంటుంది. పెళ్లి కాని చెల్లెలి మీద వేయగల జోకుల్లో ఇది బాగా పాతది. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో ఆ పెట్టె అంతే ఉంటుంది. పైన వరసగా పదహారు గడులు. ఒక గడి నొక్కి పట్టుకుని కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే ఆ స్వరం ఆ గడిలో కూర్చుంటుంది. అలా గడి తర్వాత గడి నింపుకుంటూ పోతే పాట వెనకాల మోగాల్సినవన్నీ తయారవుతాయి. వాయించడానికి నలుగురక్కర్లేదు. నేనూ, ఆ పెట్టే, పాడటానికి అక్కా. ఊరి చివర హోటల్లో భోజనాల హాలులో ప్రతి శనివారం సాయంత్రం ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చాం.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అక్క గొంతు మారిపోయింది. పైస్థాయి పోయింది. "ఇక ఇంతేనమ్మా" అన్నాడట డాక్టరు. ఆ రోజు నుంచి అక్క పాడటం మానేసింది, నా గదికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేది. నేను ఒక్కదాన్నే హోటల్‌కి వెళ్లి వాయించేదాన్ని. తినేవాళ్లు తలెత్తి చూసేవాళ్లు కాదు. తిరిగొచ్చి తాళం తీస్తే గదిలో నన్ను పలకరించే దిక్కుండేది కాదు. కింది కొట్లో దర్జీ మిషను కూడా మోగని ఆదివారాలు మరీ అన్యాయం.

చివరికి హోటల్ మేనేజరు పిలిచాడు.

"పాట లేకుండా ఎన్నాళ్లండీ? లిఫ్టులో మ్యూజిక్ వింటూ నిలబడ్డట్టుంది. వచ్చే శనివారం మీ అక్కగారిని తీసుకురండి. లేదంటే స్పీకర్లో పాటలు పెట్టుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అనేవాళ్లంటేనే నాకు భయం. అయినా ఈ హోటల్ కాకపోతే ఇంకోటి. పిల్లలకి కీబోర్డు నేర్పినా నాకు రోజు గడుస్తుంది. అక్క లేకుండా వాయించడమే నా వల్ల కావడం లేదు. అక్క మళ్లీ నా పక్కన నిలబడాలి, నాకు కావలసింది అంతే.

గొంతు దిగితే పాటనే దించేస్తే సరి అనుకున్నాను. మేమిద్దరం కలిసి కట్టుకున్న వాన పాట తీశాను. ఆ పెట్టెలో శ్రుతి దించడం చిటికెలో పని. ఒక బటన్ పట్టుకుని, ఎక్కడికి దించాలో ఆ మెట్టు నొక్కడమే. ఉజ్జాయింపుగా మూడు మెట్ల కిందికి నొక్కాను. వెంటనే పెద్ద డ్రమ్ము మాయమైపోయింది. టిక్కుటిక్కుమనాల్సిన తాళం చప్పట్లయి కూర్చుంది. తొందరలో డ్రమ్ములను కూడా కలిపి దించేశాను. డ్రమ్ముల వరసలో ఒక్కో మెట్టు ఒక్కో వాయిద్యం. జరిపితే శ్రుతి దిగదు, ఒకదాని బదులు ఇంకోటి మోగుతుంది. ఇన్నేళ్ల అనుభవానికి ఇదో సన్మానం. ఖాళీ గదిలో నా ఒక్కదానికే టపటపా చప్పట్లు పడుతుంటే మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆపేసి, డ్రమ్ములను పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాను.

ఎంత దించాలో తెలియాలంటే అక్క పాడాలి. అక్కేమో నోరు విప్పదు. కూనిరాగం తీస్తూ చూసుకున్నాను. ఒక మెట్టు దించితే చరణంలో పట్టేసింది. రెండు దించినా పీక నొక్కినట్టే ఉంది. మూడుకి హాయిగా సర్దుకుంది. మొదటి ఉజ్జాయింపే ఖాయమైంది. బేస్ వరస మరీ అడుక్కి పోయి గుర్రుమంటుంటే, దాని స్వరాలు గడిగడికీ చెరిపి పైస్థాయిలో మళ్లీ ఎక్కించాను. తర్వాత అక్కకి ఫోన్ చేసి, ఒక్కసారి వచ్చి విను, నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగనని బతిమాలాను.

గురువారం అక్క వచ్చింది.

"మీ ఆయన కులాసానా?" అంది గుమ్మంలోనే. గొంతులో మాట కంటే గాలి ఎక్కువగా ఉంది. అయినా చాన్నాళ్లకి ఆ పాడు జోకు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

పాట మొదలుపెట్టాను. అక్క కళ్లు మూసుకుని పల్లవి అందుకుంది. మొదటి మాట వచ్చింది. రెండో మాట సగంలో గాలయిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అంతే. చెయ్యెత్తి ఆపమంది.

"పైనే కాదే, కిందా లేదు. మధ్యలో ఈ కాస్త మిగిలింది, నీతో మాట్లాడటానికి."

"ఇంకో మెట్టు దించుతాను, ఉండు."

"ఆగు. మూడే ఎందుకు దించావు?"

"నీ గొంతు దిగింది కదా అని."

"ఎంత దిగిందో నువ్వు విన్నావా?"

"లేదు. పాడి చూశాను."

"ఎవరి గొంతుతో?"

దించబోయిన బటన్ మీంచి వేలు తీసేశాను.

"నాకోసం దించలేదే నువ్వు. నీకు దించుకున్నావు," అంది అక్క. కోపంగా అనలేదు, అదే నాకు తట్టుకోవడం కష్టమైంది. "పాడు, వింటాను."

చిన్నప్పుడు నేను గొంతెత్తితే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. మగగొంతు అనేవాళ్లు. ఇంట్లో పాడేది ఒకతి చాలు, నువ్వు వాయించుకో అనేది అమ్మ. అక్క ముందు నేనెప్పుడూ పాడలేదు. ఆ రోజు పాడాను. పాట నాకు కుట్టించినట్టు సరిపోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషం వేసింది. అక్క గోడకేసి చూస్తూ కూర్చుంది. పాటయ్యాక కూడా ఇటు తిరగలేదు.

"చరణంలో 'వాకిట' అన్న మాట మధ్యలో ఊపిరి తీసుకున్నావు. అలా చేయకు, మాట తెగుతుంది," అని లేచి చెప్పులు వేసుకుంది. "నీ మీద చచ్చేంత కుళ్లుగా ఉందే నాకు. బస్సెక్కించడానికి రాకు."

కిటికీలోంచి చూశాను. వీధి మలుపు దాకా వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది.

శనివారం నేనే పాడాను. 'వాకిట' దగ్గర ఊపిరి తీసుకోలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర ఒకావిడ చెంచా కింద పెట్టి పాట అయ్యేదాకా విన్నది. ఇక స్పీకర్లు అక్కర్లేదన్నాడు మేనేజరు. ఇదంతా చెప్పుకోవడానికి నాకున్నది అక్క ఒక్కతే. ఆదివారం పొద్దు బాగా ఎక్కాక ఫోన్ చేశాను. బావ ఎత్తాడు.

"పడుకుందమ్మా," అన్నాడు. పాపం, ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. మళ్లీ తనే, "పడుకుందని చెప్పమంది," అన్నాడు.

"సరే బావా," అన్నాను. "లేపకండి."