క్షయ కాదు, రాతిపొడి

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మ్‌ని. నాలో ఉన్నవి కుర్మయ్య ఊపిరితిత్తులు. మనుషులు నన్ను వెలుతురుకెత్తి చూస్తారు. అప్పుడు నేనూ వాళ్ల ముఖాలు చూస్తాను. అందుకే ఎవరినీ తొందరగా నమ్మను.

నేను మిషన్‌లోంచి వెచ్చగా బయటికి రాగానే, కుర్మయ్య పనిచేసే మిల్లు మేనేజరు జనార్దన్ చెయ్యి చాచాడు.

"నా దగ్గరుంటే భద్రంగ ఉంటది."

అంత ప్రేమ నాకు నచ్చలేదు. కుర్మయ్య భార్య పెంటమ్మకూ నచ్చలేదు. "మా ఆయన ఫొటో మా దగ్గర్నే ఉండనియ్యి సారు" అంటూ నన్ను లాక్కుంది.

ఏం పని చేస్తాడని డాక్టరు సుధీంద్ర అడిగితే, దగ్గుతున్న కుర్మయ్య బదులు మేనేజరే "వాచ్‌మన్ సార్" అన్నాడు. రద్దీలో డాక్టరు నన్ను ఒక్క చూపు చూసి, క్షయ అని రాశాడు. నెలల తరబడి మాత్రలు మింగినా ఆయాసం పెరిగిందే గాని తగ్గలేదు.

కుర్మయ్యను మళ్లీ తెచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు కాగితాలతో పాటు నేనూ తబస్సుమ్ బల్ల మీదికి చేరాను. డాక్టరు రాసిన జబ్బుకు తగిన కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించడం ఆమె పని. క్షయకు ఒక కోడ్. పీల్చిన పొగకు, రసాయనాల ఆవిరికి, రాతిపొడికి వేరే కోడ్‌లు. రాతిపొడి కోడ్ పడితే మిల్లు పరిహారం కట్టాలి. ఈమె కూడా మేనేజరు మనిషేనేమోనని భయపడ్డాను. కానీ ఆమె చెయ్యి ఆగింది. కఫం పరీక్షల్లో ఒక్కసారీ క్షయ క్రిములు కనబడలేదు. డాక్టరు రాయనిది తను ఎక్కించకూడదు; అందుకని నన్ను పట్టుకుని వార్డుకే వెళ్లి ఆయన్ని అడిగింది.

డాక్టరు ఈసారి నన్ను కిటికీ దగ్గర చాలాసేపు చూశాడు. "కుర్మయ్యా, నిజంగా ఏం పని చేసేవాడివి?"

"చెప్పాను గద సార్, వాచ్‌మన్..." అన్నాడు మంచం పక్కనే నిలబడ్డ జనార్దన్.

"నేను ఆయన్ని అడిగాను."

కుర్మయ్య తల దించుకున్నాడు. అతని తమ్ముడు బీరప్ప ఇంకా ఆ మిల్లులోనే ఉన్నాడు. తను నోరు విప్పితే తమ్ముడి పని పోతుంది.

"ఎవల్ని కాపాడుతున్నవయ్యా?" అంది పెంటమ్మ. "బీరప్ప సుత దగ్గుతుండు."

కుర్మయ్య చటుక్కున తలెత్తాడు. "పలుగురాళ్లు పిండి కొట్టేటోన్ని సారు. మా తమ్ముడు ఇంక ఆడ్నే కొడుతుండు."

డాక్టరు క్షయ అన్న మాట కొట్టేసి, రాతిపొడి వల్ల వచ్చిన సిలికోసిస్ అని రాశాడు. తబస్సుమ్ ఆ కోడ్ ఎక్కించింది. జనార్దన్ ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు.

"నాకు తగ్గుతదా?" అని అడిగాడు కుర్మయ్య.

"తగ్గదు" అన్నాడు డాక్టరు, మెల్లగా. "తమ్ముణ్ణి వెంటనే పిలిపించు."

మర్నాడు బీరప్ప ఫిల్మ్‌ను నా పక్కన పెట్టారు. నా నిండా తెల్లటి మచ్చలు. బీరప్ప ఫిల్మ్‌లో అక్కడక్కడ మాత్రమే, మిగతాదంతా నలుపు. ఎక్స్‌రేలో నలుపంటే గాలి ఆడే చోటు. డాక్టరు ఆ మాట చెప్పగానే కుర్మయ్య మంచం మీద లేచి కూర్చుని, తమ్ముడి ఫిల్మ్‌లోని నలుపును వేలితో తడిమాడు.

"పెంటా, వాన్ని ఇగ ఆడికి పోనియ్యకు."