మాస్కుకు గడ్డం అడ్డం

ఆ చెట్లు కొట్టే బృందంలో అందరికంటే పైకి ఎక్కేవాడి అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ అతను గడ్డం. యజమానురాలు మేడమ్ "గడ్డం, రేపు పెందలాడే రా" అనేది. పని చేయించుకున్న ఇళ్ళవాళ్ళు మర్యాదగా "గడ్డంగారు" అనేవారు. కింద తాడు పట్టుకునే బావమరిది ఒక్కడే "బావా" అని పిలిచేవాడు, అదీ ఎక్కువగా ఏదో ఒకటి కావాల్సినప్పుడు.

అది ఊరికే పెరిగిన గడ్డం కాదు. పంతొమ్మిదేళ్ళకి ఈ పనిలోకి దిగినప్పుడు అతనిది పాలుగారే మొహం. ఏ ఇంటికెళ్ళినా గుమ్మంలోనే ఆపి, పెద్దవాళ్ళెవరూ రాలేదా బాబూ అని అడిగేవారు. ఒకాయనైతే చెట్టుకి నిచ్చెన కూడా వేయనివ్వలేదు. ఆ రోషంతో పెంచడం మొదలుపెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి గుండెల మీదికి దిగిన గడ్డాన్ని చూసి అడిగేవాళ్ళు అడగడం మానేశారు. ఆ తర్వాత పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ పిల్లకి పదకొండేళ్ళు నిండాయి. గడ్డం మాత్రం చెక్కుచెదరలేదు.

గొంతు సంగతే అంత బాగా లేదు. ఎండిన చెట్టు కోసినప్పుడల్లా రంపం చిమ్మే సన్నటి పొడి లోపలికి పోయి, రెండు మూడు రోజులు గరగరలాడేది. పొద్దున్నే లేచి కాసేపు దగ్గితే గాని మాట పెగిలేది కాదు. ఈ పనిలో అది మామూలేనని, మూతికి తడిగుడ్డ చుట్టుకుంటే చాలని అతని నమ్మకం. డాక్టరుకి చూపించుకోమని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా, ఊఁ కొట్టి ఊరుకునేవాడు.

అలాంటిది, ఆ వేసవి సెలవుల్లో ఒక బడి ఆవరణలో మూడు చెట్లు కొట్టే పని వచ్చింది. మూడూ నిలువునా ఎండిపోయాయి. బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచి, దాని కింద మసిలాంటి నల్లపొడి పేరుకుని ఉంది. మేడమ్ వెళ్ళి చూసి వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. అది పొడి కాదు, బూజు. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే వారాల తరబడి జ్వరం, ఆయాసం. ఒంటికి సరిపడనివాళ్ళయితే మంచం పట్టాల్సిందే. ఈసారి తడిగుడ్డలూ జేబురుమాళ్ళూ కుదరవు, సరైన మాస్కు పెట్టుకుని, అది ముఖానికి సందు లేకుండా అతుక్కున్నవాళ్ళే చెట్టెక్కాలి.

అతుక్కుందో లేదో తేల్చడానికి మర్నాడు షెడ్డులో పరీక్ష పెట్టింది. మాస్కు రబ్బరుది, రెండు చెంపల దగ్గరా రెండు వడపోత డబ్బాలు. అది బిగించుకున్నాక తల మీద ఒక పారదర్శకమైన ముసుగు వేసి, లోపలికి చేదు నీళ్ళు చిలకరిస్తారు. చేదు తెలిసిందంటే మాస్కులోకి గాలి దూరుతున్నట్టే. నున్నగా గీసుకుని వచ్చిన బావమరిది ముసుగులో తల తిప్పాడు, వంగాడు, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాడు. ఏమీ తెలియలేదన్నాడు.

తర్వాత గడ్డం కూర్చున్నాడు. మొదటి చిలకరింపుకే మాత్ర నమిలినట్టు మొహం పెట్టాడు. పట్టీలు బిగించి చూశారు, చేదు. గడ్డాన్ని జడలా మెలితిప్పి చొక్కాలోకి తోసి చూశారు, చేదు. బావమరిది ఎక్కడినుంచో వాజలీన్ డబ్బా పట్టుకొచ్చి దవడ పొడుగునా పట్టించాడు. ఈసారి చేదుకి తోడు మాస్కు జారి ముక్కు మీదికెక్కింది. షెడ్డంతా పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు గాని, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మేడమ్ మెత్తగానే చెప్పింది. గాలిని తనే లాక్కునే టోపీలు ఉన్నాయనీ, వాటికి గడ్డంతో పేచీ లేదనీ, కానీ అవి బరువనీ, కొమ్మల మధ్య తాడు మీద వేలాడేవాళ్ళకి పనికిరావనీ. బడి గేటులోంచి క్రేను పట్టదు. కాబట్టి ఈ మూడు చెట్లకీ బావమరిది పైకెక్కాలి, గడ్డం నేల మీదే, దూరంగా ఉండి నీళ్ళ గొట్టం పట్టాలి.

బావమరిది మంచి పనివాడే. పచ్చని చెట్టయితే కోతిలా ఎక్కేస్తాడు. కానీ ఎండిన చెట్టు వేరు. ఏ కొమ్మ మోస్తుందో, ఏది చెప్పాపెట్టకుండా విరుగుతుందో, చెక్కసుత్తితో కొట్టి ఆ చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. ఆ చెవి గడ్డానికి ఉంది, అతనికింకా రాలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ గడ్డానికి అదే ఆలోచన. ఆ కుర్రాడికేమన్నా అయితే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

భోజనాలయ్యాక విషయం చెప్పాడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం భార్యది, ఏదైనా పూర్తిగా విన్నాక గాని మాట్లాడదు. పూర్తిగా విని, ఇంతకీ మీకు బెంగ తమ్ముడి గురించా, గడ్డం గురించా అని అడిగింది. రెండింటి గురించీ అని ఒప్పుకున్నాడు.

"కింద ఏముందో నాకే గుర్తులేదు," అన్నాడు. "నవ్వులాటగా ఉంటుందేమో."

"పదహారేళ్ళు కాపురం చేశాను. నేనూ చూడలేదు. గడ్డాన్ని చూసే ఒప్పుకున్నానని అనుకుంటున్నారా ఏమిటి?"

"మరి?"

"మీరు దగ్గుతుంటే అవతల గదిలో పడుకున్న పిల్ల లేచి కూర్చుంటోంది. దానికి తెలిసింది ఎప్పుడూ దగ్గుతుండే నాన్నే. గడ్డం తీయడానికి అది చాలదా?"

అతను లేచి కత్తెర తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

స్నానాల గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భార్య ముందు కత్తెరతో గుత్తులు గుత్తులుగా కత్తిరించింది, తర్వాత నురగ పూసి గీయడం అతనే మొదలుపెట్టాడు. మీసం జోలికి పోలేదు. అది మాస్కు లోపలే ఇమిడిపోతుందని మేడమ్ ముందే చెప్పింది. కూతురు తొట్టి గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. అయిపోయాక చెప్పమంది. నాలుగుసార్లు అయిపోయిందా అని అడిగింది.

కడుక్కుని తలెత్తేసరికి అద్దంలో రెండు రంగుల మొహం. పైన ఎండకి కమిలిన నుదురు, చెంపలు. కింద పాలిపోయిన దవడ, చిన్న గుండ్రటి చుబుకం, దాని మధ్య వేలితో నొక్కినట్టు ఒక సొట్ట. భార్య నోరెళ్ళబెట్టింది. కూతురు కళ్ళు తెరిచి, ఒకసారి అతన్ని, ఒకసారి అద్దంలో తనని చూసుకుని, లేచి వచ్చి అతని పక్కన నిలబడి తన చుబుకం మీద వేలు పెట్టుకుంది. అక్కడా అలాంటి సొట్టే. అది ఎవరి పోలికోనని అమ్మమ్మ వాళ్ళు ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నారు, ఎవరికీ దొరకలేదు.

"ఇది నీదా నాన్నా," అంది.

"నాదే. దాచిపెట్టాను," అన్నాడతను. భార్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు కాసేపు అటు తిరిగింది.

మర్నాడు షెడ్డులో బావమరిది అతన్ని దాటుకుని వెళ్ళి, బావ ఇంకా రాలేదా అని మేడమ్‌ని అడిగాడు. ఆట పట్టించడానికో, నిజంగానో చివరిదాకా తేలలేదు. పరీక్షలో గడ్డం లేని గడ్డం వంద దాకా లెక్కపెట్టి, ఇంకో పది కూడా లెక్కపెట్టి, ఏమీ తెలియలేదని చెప్పాడు.

బడిలో కాపలాదారు ఒక పట్టాన నమ్మలేదు. గడ్డమాయన వస్తాడని తనకి చెప్పారనీ, పెద్ద చెట్టనీ, అనుభవం ఉన్నవాళ్ళు కావాలనీ గునిసాడు. అతను వాదన పెట్టుకోలేదు. మూడు చెట్ల చుట్టూ తిరిగి, సుత్తితో కొడుతూ చెవి ఒగ్గి విని, పడమటి కొమ్మకి తాడు వేయొద్దని బావమరిదికి చూపించాడు. అది చూసి కాపలాదారు వెళ్ళి కుళాయి తిప్పాడు.

ముందు మాను మొత్తం తడిపారు. తర్వాత మాస్కు, కళ్ళద్దాలు, తలపట్టీ బిగించుకుని పైకెక్కాడు. లోపల తన ఊపిరి చప్పుడు తనకే వినిపించింది. మాట్లాడటానికి లేదు. ఒక చెయ్యి ఎత్తితే తాడు వదులు, రెండూ ఎత్తితే ఆపు. అలవాటైన అరుపుల కంటే ఈ సైగలే నయమనిపించింది, ఎందుకంటే బావమరిది మొదటిసారి అతని మీదనుంచి చూపు తిప్పకుండా పనిచేశాడు.

రెండో చెట్టు మీద ఉండగా, నీళ్ళు అందని ఎత్తులో, మనిషంత బెరడు పలక ఒకటి రంపం అదురుకి ఊడి అతని పక్కనించే జారింది. దాని వెనక నల్లటి మేఘం. చెయ్యి కూడా కనపడలేదు. రంపం ఆపేసి, మానుని కరుచుకుని, కదలకుండా ఉండిపోయాడు. ఇదివరకైతే ఈపాటికి తాడు మీద వంకర్లు తిరిగి దగ్గుతూ ఉండేవాడు. ఊపిరి పీల్చాడు. రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. అంతే. గాలి మెల్లగా మేఘాన్ని ఆటస్థలం వైపు తోసేసింది. కింద గొంతు చించుకుని "బావా" అని అరుస్తున్న బావమరిదికి ఒక చెయ్యి ఊపాడు. కాస్త తేరుకుని, తాడు వదులు చెయ్యమని ఆ చేతినే మళ్ళీ ఎత్తాడు.

దిగాక మేడమ్ వచ్చి దగ్గరుండి కడిగించింది. ముందు బట్టల మీద నీళ్ళు, తర్వాత చేతులు, మాస్కు అన్నిటికంటే ఆఖరున. తొందరపడి ముందే తీశాడో, పొద్దుటినుంచీ పడిన పాటంతా గాలికిపోతుంది. తీశాక, నల్లటి మొహం మధ్య మాస్కు ఉన్నంతమేర తెల్లగా మిగిలింది. కాపలాదారు ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి, రేపు కూడా మీరే రండి అన్నాడు.

మూడు చెట్లూ నాలుగు రోజుల్లో పూర్తయ్యాయి. ఐదో రోజు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. ఆయన ఊపిరి ఊదించి చూసి, పాత దుమ్ము కొంత గుర్తు మిగిల్చిందనీ, ఇక ముందు మాస్కు వదలకపోతే ఫరవాలేదనీ చెప్పాడు. ఆ వేసవంతా అతను రోజూ గీసుకునే పనికి వెళ్ళాడు. కూతురు తొట్టి గట్టు మీద కూర్చుని ఎక్కడెక్కడ మిగిలిపోయిందో వేలు పెట్టి చూపించేది, పర్యవేక్షణలో మేడమ్‌ని మించిపోయేది. పేరు మాత్రం మారలేదు. గడ్డం లేకపోయినా అతను గడ్డమే.

ఒక ఆదివారం భార్య అతని దవడ మీద చెయ్యేసి, మళ్ళీ పెంచుతారా అని అడిగింది. పెంచమంటోందో, వద్దంటోందో అతనికి అర్థం కాలేదు.

"వానలు పడితే చెట్లు తడిసి దుమ్ము లేవదు. అప్పుడు చూద్దాంలే," అన్నాడు.

ఆమె సరేనని, చెయ్యి మాత్రం ఇంకాసేపు అక్కడే ఉంచింది.